అమెరికాలో ఉద్యోగం మారుతున్నారా? ముందు మీ నాన్-కంపీట్ ఇలా చదవండి

సంతకం పెట్టేశాం కాబట్టి ఇక చేసేదేమీ లేదని అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు చాలామంది అనుకుంటారు. చేతికొచ్చిన మంచి ఆఫర్ వదులుకుని, తక్కువ జీతానికే అదే కన్సల్టెన్సీలో మరో రెండేళ్లు ఉండిపోతారు. తీరా చూస్తే, వాళ్లను అంతగా భయపెట్టిన నాన్-కంపీట్ (మానేశాక పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు) ఆ రాష్ట్రంలో చిత్తుకాగితంతో సమానమై ఉండవచ్చు. మరోవైపు, ‘అవేవీ ఎక్కడా చెల్లవులే’ అన్న మిత్రుడి మాట నమ్మి ఫ్లోరిడాలోనో టెక్సస్‌లోనో ఉద్యోగం మారితే కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు. కాగితం చదివి, రాష్ట్ర చట్టంతో పోల్చి చూసుకుంటే ఈ రెండు నష్టాలూ తప్పుతాయి. అది ఎలా చేయాలో వరసగా చెబుతాను.

ముందుగా ఒక అపోహ తొలగించుకోండి. నాన్-కంపీట్‌లపై దేశమంతటికీ వర్తించే నిషేధం లేదు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఏప్రిల్‌లో దాదాపు అన్నింటినీ నిషేధిస్తూ ఒక నిబంధన తెచ్చిన మాట నిజమే. అది అమలులోకి రాకముందే, 2024 ఆగస్టు 20న, డల్లాస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. 2025 సెప్టెంబరులో కమిషన్ తన అప్పీలునూ వెనక్కి తీసుకుంది. ఇప్పుడు మీకు రక్షణ ఉందా లేదా అన్నది ప్రధానంగా మీ రాష్ట్ర చట్టమే తేల్చాలి.

మొదటి పని: కాగితాలన్నీ ఒకచోట చేర్చండి

ఆఫర్ లెటర్ ఒక్కటి చూస్తే చాలదు. చేరిన రోజు సంతకం పెట్టిన ఎంప్లాయ్‌మెంట్ అగ్రిమెంట్, మధ్యలో ఎప్పుడో ఆన్‌లైన్‌లో సంతకం పెట్టించుకున్న సవరణలు, కంపెనీ షేర్లు ఇచ్చినప్పటి పత్రాలు, ప్రాజెక్టు మారినప్పుడు క్లయింట్ పేరుతో పంపిన ఫారాలు అన్నీ వెతకండి. షేర్ల పత్రాల చివరి పేజీల్లో నాన్-కంపీట్ దాగి ఉండటం మామూలే. హెచ్‌ఆర్‌ను అడిగితే మీరు వెళ్లిపోతున్నారన్న అనుమానం వస్తుంది కాబట్టి ముందు మీ సొంత మెయిల్‌లో వెతకండి. అక్కడ దొరకకపోతేనే అడగండి.

దొరికాక నాలుగు వివరాలు రాసుకోండి. ఆ షరతును మీకు మొదట చూపించిన తేదీ, మీరు సంతకం పెట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ, అప్పటి మీ జీతం. కేసు నిలవాలా పోవాలా అన్నది చాలా రాష్ట్రాల్లో వీటి మీదే ఆధారపడుతుంది.

రెండో పని: ఏ షరతు ఏమిటో విడదీయండి

మనవాళ్లు అన్నింటినీ కలిపి ‘బాండ్’ అంటారు. చట్టం మాత్రం వాటిని వేర్వేరుగా చూస్తుంది. పోటీ సంస్థలో పని చేయకూడదనేది నాన్-కంపీట్. పాత కంపెనీ క్లయింట్లనో ఉద్యోగులనో మీ వైపు లాక్కోకూడదనేది నాన్-సాలిసిట్. రహస్య సమాచారం బయటపెట్టకూడదనేది మూడోది. ఫలానా గడువులోపు మానేస్తే ఇంత కట్టాలనేది నాలుగోది, అసలైన బాండ్ అదే. నాన్-కంపీట్‌ను పూర్తిగా రద్దు చేసిన రాష్ట్రంలో కూడా రహస్య సమాచారం షరతు చెల్లుతుంది. ఒకటి పోయింది కదా అని మిగతావన్నీ పోయాయనుకోకండి.

కన్సల్టెన్సీ ఒప్పందాల్లో కనిపించే తరహా వాక్యాన్ని తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది: ‘ఉద్యోగం ముగిసిన తేదీ నుంచి 24 నెలల పాటు, ఉద్యోగి కంపెనీ క్లయింట్లకు గాని వెండర్లకు గాని ప్రత్యక్షంగా లేదా పరోక్షంగా ఎటువంటి సేవలూ అందించరాదు, ఉల్లంఘిస్తే 25,000 డాలర్లు చెల్లించాలి.’

ఈ ఒక్క వాక్యంలో నాలుగు చోట్ల ఆగాలి. ‘24 నెలలు’ దగ్గర మొదట ఆగండి. మసాచుసెట్స్, ఆరెగాన్‌లలో సాధారణ పరిమితి 12 నెలలే. వాషింగ్టన్ రాష్ట్రంలో 18 నెలలు దాటితే అది అన్యాయమని కోర్టు ముందుగానే భావిస్తుంది, కాదని నిరూపించుకోవాల్సింది యజమాని. తర్వాత ‘క్లయింట్లు’. మీరు పని చేసిన ఒక్క క్లయింటా, కంపెనీ జాబితాలోని వంద క్లయింట్లూనా? మీరు ఎన్నడూ చూడని క్లయింట్ల దగ్గరకు కూడా వెళ్లకూడదంటే, సమంజసమా కాదా అని చూసే రాష్ట్రాల్లో అది బలహీనమైన షరతు. ‘పరోక్షంగా’ అన్న మాటకు అర్థం, వేరే వెండర్ (మధ్యవర్తి కంపెనీ) ద్వారా అదే క్లయింట్ దగ్గర చేరినా తప్పేనని. మనవాళ్లలో చాలామంది చిక్కుకునేది ఇక్కడే. ఇక ‘సేవలు అందించరాదు’ అన్నది. క్లయింటును మీరు వెళ్లి అడగడం వేరు, క్లయింటే పిలిస్తే పని చేయడం వేరు. పిలిచినా చేయకూడదంటే వాషింగ్టన్ చట్టం దాన్ని నాన్-సాలిసిట్‌గా కాక నాన్-కంపీట్‌గానే లెక్కిస్తుంది. 2024 జూన్‌లో అమలులోకి వచ్చిన సవరణ ఈ సంగతి స్పష్టం చేసింది. పై పేరు ఏదైనా లోపలి మాటే చూడాలి.

ఆ 25,000 డాలర్ల సంగతికి తర్వాత వస్తాను.

మూడో పని: మీకు ఏ రాష్ట్ర చట్టం వర్తిస్తుందో తేల్చుకోండి

కన్సల్టెన్సీ ఆఫీసు న్యూజెర్సీలో, క్లయింట్ టెక్సస్‌లో, మీరు ఇంటి నుంచి పని చేసేది వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటెల్‌లో. ఒప్పందంలో ‘న్యూజెర్సీ చట్టం వర్తిస్తుంది, కేసు న్యూజెర్సీలోనే వేయాలి’ అని ఉంటుంది. అది చదవగానే నీరసపడకండి. మీరు ఉండి పని చేసే రాష్ట్రం మీకు రక్షణ ఇస్తుంటే, ఇలాంటి వాక్యాలతో దాన్ని తప్పించుకోకుండా చాలా రాష్ట్రాలు అడ్డుకట్ట వేశాయి.

వాషింగ్టన్‌లో ఉండే ఉద్యోగిని బయటి రాష్ట్ర కోర్టుకు లాగే షరతు చెల్లదు. కొలరాడో, మిన్నెసోటా కూడా ఇదే దారిలో ఉన్నాయి. మసాచుసెట్స్‌లో, ఉద్యోగం ముగిసే నాటికి కనీసం 30 రోజులుగా మీరు అక్కడ నివసిస్తున్నా, పని చేస్తున్నా ఒప్పందంలో వేరే రాష్ట్రం పేరు రాసి ఆ చట్టాన్ని పక్కన పెట్టలేరు. కాలిఫోర్నియా ఇంకా ముందుకెళ్లింది. నాన్-కంపీట్ ఎక్కడ రాసుకున్నా, ఎప్పుడు సంతకం పెట్టినా తమ దగ్గర చెల్లదని 2024 జనవరి 1 నుంచి చట్టంలోనే రాసింది.

మీ పే స్టబ్‌లో (జీతం చీటీలో) ఏ రాష్ట్రం పేరున పన్ను పట్టుకుంటున్నారో చూడండి. అదొక్కటే రుజువు కాకపోయినా మంచి ఆరంభం. మధ్యలో రాష్ట్రం మారి ఉంటే, మారిన తేదీ, ఇంటి అద్దె ఒప్పందం దాచుకోండి.

నాలుగో పని: రాష్ట్ర చట్టంతో పోల్చండి

నాన్-కంపీట్‌ను దాదాపు పూర్తిగా కాదన్న రాష్ట్రాలు నాలుగు: కాలిఫోర్నియా, నార్త్ డకోటా, ఓక్లహామా, మిన్నెసోటా. మిన్నెసోటాలో 2023 జూలై 1న గాని ఆ తర్వాత గాని కుదిరిన ఒప్పందాలకే ఈ నిషేధం. అంతకు ముందు సంతకం పెట్టి ఉంటే పాత పద్ధతే. కాలిఫోర్నియాలో పాత ఒప్పందాలున్న యజమానులు ‘మీ నాన్-కంపీట్ చెల్లదు’ అని 2024 ఫిబ్రవరి 14లోపు ఉద్యోగులకు లిఖితపూర్వకంగా తెలియజేయాలని చట్టం ఆదేశించింది. 2022 జనవరి 1 తర్వాత అక్కడ పని చేసి, అలాంటి షరతు మీద సంతకం పెట్టి ఉంటే, మాజీ ఉద్యోగులైనా సరే, ఆ లేఖ కోసం మెయిల్ వెతకండి.

కాలిఫోర్నియా నియమం 1872 నాటిది. అదే ఏడాది మన ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ కూడా వచ్చింది, అందులోని 27వ సెక్షన్ కూడా వృత్తిని అడ్డుకునే ఒప్పందాలు చెల్లవనే చెబుతుంది. రెండింటికీ మూలం న్యూయార్క్ కోసం న్యాయవాది డేవిడ్ డడ్లీ ఫీల్డ్ నేతృత్వంలో తయారైన ముసాయిదా స్మృతి. విచిత్రం ఏమిటంటే న్యూయార్క్ ఆ ముసాయిదాను ఆమోదించలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరడాన్ని ఆపే షరతు ఎందుకు నిలవదో, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలోనూ ఎందుకు నిలవదో ఈ చుట్టరికం చెబుతుంది. భారత్‌లోనైనా శిక్షణ ఖర్చు, కనీస సేవా కాలం బాండ్‌ల సంగతి వేరు. సమంజసమైన బాండ్‌ను సుప్రీంకోర్టు 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సమర్థించింది.

జీతాన్ని గీటురాయిగా పెట్టిన రాష్ట్రాలు రెండో కోవకు వస్తాయి. మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు శ్రద్ధగా లెక్క వేయాల్సింది ఇక్కడే. వాషింగ్టన్‌లో 2025 సంవత్సరానికి ఆ పరిమితి 1,23,394 డాలర్ల 17 సెంట్లుగా ఉండేది. మీ సంపాదన ఆ ఏటి పరిమితికి మించకపోతే నాన్-కంపీట్ చెల్లదు. సంపాదన అంటే ఆఫర్ లెటర్‌లో రాసిన జీతం అనుకోకండి. యజమాని ఏటా ఇచ్చే జీతం, పన్నుల పత్రమైన డబ్ల్యూ-2 ఫారంలోని ఒకటో గడిలో కనిపించే మొత్తాన్ని ఏడాదికి లెక్కగట్టి చూస్తారు. జీతం 1,30,000 డాలర్లు, అందులో 401కె పొదుపు పథకానికి 10,000 వేశారనుకోండి. ఒకటో గడిలో మిగిలేది 1,20,000. పన్నుకు ముందే పోయే ఆరోగ్య బీమా ప్రీమియం తీసేస్తే ఇంకా తగ్గుతుంది. పరిమితికి పైన ఉన్నాననుకున్న మనిషి కిందే ఉన్నాడన్న మాట. ఈ అంకె ఏటా మారుతుంది. ఆ రాష్ట్ర కార్మిక, పరిశ్రమల శాఖ వెబ్‌సైట్‌లో ప్రకటిస్తుంది, మీకు వర్తించే ఏడాది అంకెనే చూడండి.

ఇల్లినాయ్‌లో లెక్క వేరు. 2022 జనవరి 1 నుంచి కుదిరిన ఒప్పందాల్లో సంపాదన 75,000 డాలర్లు దాటితేనే నాన్-కంపీట్, 45,000 దాటితేనే నాన్-సాలిసిట్. ఇక్కడ 401కెలో వేసిన డబ్బును కూడా సంపాదనలో కలుపుతారు, కాబట్టి వాషింగ్టన్ లెక్కను ఇక్కడ వాడకండి. జీతం పరిమితి దాటినా అడ్డంకులున్నాయి. ఒప్పందం చూసుకోవడానికి కనీసం 14 రోజులు ఇవ్వాలి, లాయర్‌ను సంప్రదించమని రాతపూర్వకంగా చెప్పాలి. సంతకం తర్వాత మీరు రెండేళ్లు పని చేసి ఉండాలి, లేదా ఆ షరతుకు బదులుగా అదనంగా ఏదైనా ముట్టి ఉండాలి. పద్నాలుగు నెలలకే ప్రాజెక్టు ముగిసి బయటికొచ్చిన కన్సల్టెంట్‌కు ఈ చివరి షరతు పెద్ద అండ. ఆ రాష్ట్రం ఇంత కఠినంగా మారడం వెనుక కథ ఉంది. జిమ్మీ జాన్స్ దుకాణాల్లో శాండ్‌విచ్‌లు చేసే వాళ్ల చేత కూడా నాన్-కంపీట్ మీద సంతకాలు పెట్టించడంతో, 2016లో రాష్ట్ర అటార్నీ జనరల్ ఆ సంస్థపై కేసు వేశారు.

కొలరాడోలో పరిమితి 2025లో 1,27,091 డాలర్లుగా ఉండేది. ఆయా ఏటి పరిమితిని సంతకం నాడూ, అమలు చేయబోయిన నాడూ రెండుసార్లూ దాటి ఉండాలి. నోటీసు విడి పత్రంగా ఇచ్చి దానిపై సంతకం తీసుకోవాలి. ఆఫర్ లెటర్ ఎనిమిదో పేజీలో ఇరికించిన షరతు ఈ పరీక్షలో నిలవదు.

వర్జీనియాలో జీతం పరిమితితో పాటు, 2025 జూలై 1 నుంచి కుదిరే ఒప్పందాల్లో, ఫెడరల్ చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌కు అర్హులైన వాళ్లందరికీ రక్షణ ఉంది. ‘నాది గంటల జీతం కాబట్టి నేనూ అందులో ఉన్నాను’ అని ప్రోగ్రామర్లు తొందరపడకూడదు. కంప్యూటర్ నిపుణులకు గంటకు 27 డాలర్ల 63 సెంట్లు, ఆపైన ఇస్తుంటే, చేసే పని స్వభావాన్ని బట్టి వాళ్లను ఓవర్‌టైమ్ నుంచి మినహాయించవచ్చు.

మసాచుసెట్స్‌లో ముఖ్యమైన విషయం ఒకటుంది. 2018 అక్టోబరు 1 తర్వాతి ఒప్పందాల్లో, మిమ్మల్ని లేఆఫ్ చేసినా, మీ తప్పు లేకుండా తీసేసినా నాన్-కంపీట్ అమలు కాదు. వాషింగ్టన్‌లో లేఆఫ్ చేసిన యజమాని దాన్ని అమలు చేయాలంటే ఆ కాలమంతా మీ మూల వేతనం చెల్లించాలి. లేఆఫ్ అయి, కొత్త యజమానిని వెతుక్కోవడానికి ఉన్న 60 రోజుల గడువు లెక్క పెట్టుకుంటున్న హెచ్-1బి ఉద్యోగులు ఈ రెండు మాటలూ గుర్తుంచుకోవాలి.

ఇక జాగ్రత్తగా ఉండాల్సిన రాష్ట్రాలు. టెక్సస్‌లో కాలం, ప్రాంతం, పని పరిధి సమంజసంగా ఉంటే చెల్లుతుంది. మితిమీరి ఉంటే కోర్టు కొట్టేయదు, కత్తిరించి సరిచేస్తుంది. సరిచేయక ముందు జరిగిన దానికి మాత్రం మీ నుంచి నష్టపరిహారం రాబట్టలేరు. జార్జియాలో రెండేళ్ల లోపు గడువును సమంజసమనే భావిస్తారు, అయితే అమ్మకాలు, నిర్వహణ, కీలక ఉద్యోగుల వంటి కొన్ని కోవలకే నాన్-కంపీట్ వర్తిస్తుంది. ఫ్లోరిడా ఉద్యోగులకు అన్నిటికన్నా కఠినం. 2025 జూలైలో వచ్చిన కొత్త చట్టం, కౌంటీ సగటు వార్షిక వేతనానికి రెట్టింపు కన్నా ఎక్కువ సంపాదించే వాళ్లను, నిర్దేశించిన నోటీసు నియమాలు పాటిస్తే, నాలుగేళ్ల దాకా కట్టిపడేయనిస్తుంది. టాంపాలోనో జాక్సన్‌విల్‌లోనో మంచి జీతంతో ఉన్నవాళ్లు లాయర్‌కు చూపించకుండా సంతకం పెట్టవద్దు. న్యూజెర్సీలో అందరికీ వర్తించే నాన్-కంపీట్ చట్టం లేదు, కోర్టులే ప్రతి కేసునూ తూచి చూస్తాయి. న్యూయార్క్ రాష్ట్రంలో చట్టసభ ఆమోదించిన నిషేధ బిల్లును గవర్నర్ కాథీ హోకుల్ 2023 డిసెంబరులో వీటో చేశారు.

ఐదో పని: బాండ్, వీసా భయాలను విడిగా చూడండి

ఆ 25,000 డాలర్ల సంగతి ఇప్పుడు. హెచ్-1బి ఉద్యోగి గడువుకు ముందే మానేసినందుకు జరిమానా వసూలు చేయడాన్ని ఫెడరల్ కార్మిక నిబంధనలు నిషేధించాయి. పిటిషన్ ఫీజు, దాని కోసం పెట్టిన లాయర్ ఖర్చు కూడా ఉద్యోగి నుంచి రాబట్టకూడదు. యజమానికి నిజంగా కలిగే నష్టాన్ని ముందే సమంజసంగా అంచనా వేసి రాసుకున్న మొత్తమైతే వేరు. ఏది జరిమానా, ఏది నష్టపరిహారం అన్నది రాష్ట్ర చట్టం తేలుస్తుంది. ‘25,000 దేనికి?’ అన్న ప్రశ్నకు కంపెనీ దగ్గర లెక్క లేకపోతే అది జరిమానాలాగే కనిపిస్తుంది. ఇలాంటి జరిమానా పట్టుకుంటే, కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ విభాగానికి డబ్ల్యూహెచ్-4 ఫారంలో 12 నెలల లోపు ఫిర్యాదు చేయవచ్చు. కాలిఫోర్నియాలోనైతే, 2026 జనవరి 1 నుంచి కుదిరే ఒప్పందాల్లో ‘మానేస్తే కట్టాలి’ తరహా షరతులను కొన్ని మినహాయింపులతో నిషేధించారు.

వీసా ట్రాన్స్‌ఫర్‌కు పాత యజమాని అనుమతి అక్కర్లేదు. స్టేటస్ సక్రమంగా ఉంటే, కొత్త యజమాని పిటిషన్ దాఖలు కాగానే పని మొదలుపెట్టవచ్చు. గ్రీన్ కార్డు కోసం వేసిన ‘ఐ-140 పిటిషన్ వెనక్కి తీసుకుంటాం’ అని బెదిరిస్తే, అది ఆమోదమై 180 రోజులు దాటిందో లేదో చూసుకోండి. దాటి ఉంటే, యజమాని ఉపసంహరించుకున్నంత మాత్రాన ఆ ఆమోదం రద్దు కాదు. ఈ ఒక్క విషయం తెలియక ఎంతోమంది ఏళ్ల తరబడి నోరు మూసుకుని ఉండటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఆరో పని: బయటికి వచ్చేటప్పుడు చేతులు శుభ్రంగా ఉంచుకోండి

నాన్-కంపీట్ చెల్లని రాష్ట్రంలో కూడా ఉద్యోగిని ఇరికించేది ఎక్కువగా ఆఖరి రెండు వారాల్లో చేసిన పనే. కంపెనీ ఫైళ్లు సొంత మెయిల్‌కు పంపకండి, కోడ్‌ను పెన్ డ్రైవ్‌లో వేసుకోకండి, క్లయింట్ల ఫోన్ నంబర్ల జాబితా తీసుకోకండి. మీరు రాసిన కోడ్ అయినా అది కంపెనీదే. మీ ఒప్పంద పత్రాలు, పే స్టబ్‌లు, డబ్ల్యూ-2, ఐ-797 (వీసా పిటిషన్ ఆమోద పత్రం) ప్రతులు మాత్రం ముందే దాచుకోండి. ‘నేను మారుతున్నాను, మీరూ రండి’ అని సహోద్యోగులకు వాట్సాప్‌లో రాయకండి. క్లయింట్ మేనేజరే మిమ్మల్ని పిలిచి ఉంటే, ఆయన మొదట పంపిన మెయిల్‌ను జాగ్రత్త చేయండి. ఎవరు ముందు అడిగారన్న ప్రశ్న వచ్చినప్పుడు అదే మీ సాక్ష్యం.

కొత్త కంపెనీకి మీ నాన్-కంపీట్ సంగతి ముందే చెప్పండి. దాచిపెట్టి చేరాక నోటీసు వస్తే, ఉద్యోగమే పోయే ప్రమాదం ఉంది.

లాయర్ నోటీసు వస్తే

అది కోర్టు ఉత్తర్వు కాదు, అవతలి పక్షం రాసిన ఉత్తరం. అలాగని పక్కన పడేయకూడదు. ఫోన్ చేసి వాదించకండి, కోపంతో మెయిల్ రాయకండి. ఉద్యోగుల పక్షాన వాదించే లాయర్‌కు మీ కాగితాలు, పైన రాసుకున్న నాలుగు వివరాలు పంపండి. వీసా లాయర్ వేరు, ఈ లాయర్ వేరు. మీ కౌంటీ బార్ అసోసియేషన్‌ను సంప్రదిస్తే పేర్లు చెబుతారు. కోర్టు నుంచే సమన్లు వస్తే గడువు రోజుల్లో ఉంటుంది, ఆ రోజే కదలండి.

నోటీసు పంపిన వాళ్లకూ ప్రమాదం ఉందని గుర్తుంచుకోండి. వాషింగ్టన్‌లో షరతు చట్టవిరుద్ధమని తేలితే యజమాని 5,000 డాలర్లు లేదా అసలు నష్టం, ఏది ఎక్కువైతే అది, లాయర్ ఖర్చులతో సహా మీకు చెల్లించాలి. కోర్టు షరతును తగ్గించి అమలు చేసినా ఇది వర్తిస్తుంది. ఇల్లినాయ్‌లో మీరు గెలిస్తే మీ లాయర్ ఖర్చు వాళ్లదే. జవాబులో ఈ సెక్షన్లు కనిపిస్తే చాలా కంపెనీలు మరోసారి ఆలోచిస్తాయి.

కొత్త ఆఫర్ మీద సంతకం పెట్టే ముందు

బేరమాడే బలం మీకు అప్పుడే ఉంటుంది. అడగాల్సింది ఇంతే: ‘నిషేధాన్ని నేను స్వయంగా పని చేసిన క్లయింటుకు మాత్రమే పరిమితం చేయండి, ఆరు నెలలకు తగ్గించండి, మీరే లేఆఫ్ చేస్తే వర్తించదని రాయండి.’ జీతంతో పాటు ఈ మూడూ మెయిల్‌లోనే అడగండి, ఒప్పుకున్నది ఒప్పందంలోకి ఎక్కేదాకా సంతకం పెట్టకండి. మసాచుసెట్స్‌లో కొత్తగా చేరేవాళ్లకు, ఆఫర్‌తో పాటు గాని, చేరడానికి 10 పని దినాల ముందు గాని, ఏది ముందైతే అప్పుడు నాన్-కంపీట్ ఇవ్వాలి; ఆరెగాన్‌లో చేరడానికి కనీసం రెండు వారాల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. అందిన తేదీ కనిపించేలా ఆ మెయిల్‌ను ప్రింట్ తీసి మీ ఫైలులో పెట్టుకోండి.